12 టన్నుల ప్రెస్ పెట్టినా బాటిళ్ళ బేల్ పొంగిపోతోంది, తప్పెక్కడుంది?

పల్నాడు_పాతసామాను
మాది నరసరావుపేట దగ్గర పాత సామాన్ల కొట్టు. నాన్న నడిపినప్పుడు ఇనుము, అట్టలు, సీసాలే ఎక్కువ, ఇప్పుడు వచ్చేదాంట్లో సగం వాటర్ బాటిళ్ళు, కూల్‌డ్రింక్ బాటిళ్ళే. విడిగా పంపితే 14 అడుగుల ఐచర్ నిండా కుక్కి పైన వల కట్టినా 350, మహా అయితే 400 కేజీలు, కిరాయి మాత్రం ఫుల్ లోడ్‌కి ఇచ్చినట్టే ఇవ్వాలి. ఈ బాధ పడలేక సరుకుని నొక్కి బేల్ (తీగలతో బిగించిన కట్ట) కట్టే ప్రెస్ మెషిన్ చేయించా. నిలువు మెషిన్, పెట్టె లోపల 900 × 600 మి.మీ., 100 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) సిలిండర్, 5 హెచ్‌పీ మోటార్, ఆయిల్ ప్రెషర్ 150 బార్. 12 టన్నులు నొక్కుతుంది అన్నారు. అట్టలు వేస్తే రాయిలాగా కడుతోంది, అందులో వంక లేదు. బాటిళ్ళు వేస్తేనే గొడవ. ప్లేటు పైకి లేపగానే మూరెడు పైకి లేస్తున్నాయి, ఎలాగో తీగలు కట్టి తలుపు తీస్తే బేల్ పొట్ట ఉబ్బి తీగలు తెగుతున్నాయి. 700 ఎత్తు బేల్ 45 కేజీలే తూగుతోంది, కొనేవాళ్ళేమో 75, 80 లేకపోతే వద్దంటున్నారు. మెషిన్ చేసినాయన సిలిండర్ 125 బోర్‌కి మారుద్దాం, ఇంకో అరవై వేలు అవుతుంది అంటున్నాడు. ఉన్న డబ్బంతా దీంట్లోనే పెట్టా. మార్చాలా వద్దా, తెలిసినవాళ్ళు చెప్పండి.

లేత్_మావయ్య
మూతలు తీసి వేస్తున్నావా, మూతలతోనే వేస్తున్నావా?

పల్నాడు_పాతసామాను
మూతలతోనే అండి. రోజుకి ఐదారు వేల బాటిళ్ళు వస్తాయి, ఎవరు తీస్తారు.

లేత్_మావయ్య
సిలిండర్ జోలికి పోవద్దు. అరవై వేలు జేబులోనే ఉంచు. సాయంత్రం షెడ్డు మూశాక రాస్తా.

హైడ్రాలిక్_హరి
మావయ్య గారు వచ్చేలోపు నేను లెక్క చెప్తా, నా పనే పవర్ ప్యాక్‌లు (సిలిండర్‌కి ఆయిల్ తోసే మోటార్, పంపు సెట్లు) కట్టడం.

100 బోర్ అంటే 78.5 చదరపు సెంటీమీటర్లు, 150 బార్‌కి సుమారు 12 టన్నులు, ఆయన చెప్పింది కరెక్టే. కానీ ఆ 12 టన్నులూ 900 × 600 ప్లేటు మీద, అంటే 5400 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటాయి. చదరపు సెంటీమీటరుకి వచ్చేది 2.2 కేజీలు. అంతే. మూత బిగించిన బాటిల్ అంటే గాలి నింపిన ట్యూబు లాంటిది, లోపలి గాలిని సగానికి నొక్కాలంటే కేజీ, మూడో వంతుకి నొక్కాలంటే రెండు కేజీలు, ఐదో వంతుకైతే నాలుగు కేజీల ప్రెషర్ కావాలి. ప్లాస్టిక్ బలం సున్నా అనుకున్నా సరే నీ మెషిన్ మూడో వంతు దగ్గర ఆగిపోతుంది. విడి బాటిళ్ళు క్యూబిక్ మీటరుకి 25 కేజీలు ఉంటాయి అనుకో, మధ్యలో ఖాళీలన్నీ పోయి ఒక్కో బాటిల్ మూడో వంతు అయితే 125, 130 కేజీల దగ్గర ఆగాలి. నీ బేల్ కొలతకి లెక్కేస్తే 119 వస్తోంది. అంటే మెషిన్ తప్పేం లేదు, అది చేయగలిగిందంతా చేస్తోంది, నువ్వు నొక్కుతున్నది ప్లాస్టిక్‌ని కాదు, గాలిని.

ఇంకోటి కూడా చూడు. 12 టన్నులతో నొక్కిన గాలి నువ్వు ప్లేటు లేపాక కూడా అదే 12 టన్నులతో పైకి తంతుంది. దాన్ని పట్టుకోవాల్సింది నీ తీగలు. 3 మి.మీ. మెత్తని జీఐ తీగ ఒక్కో పోగు 250, 300 కేజీలకి తెగుతుంది. నాలుగు తీగలు చుడితే ఎనిమిది పోగులు, అన్నీ కలిపి రెండు టన్నుల పైచిలుకు. 125 బోర్ వేస్తే తన్నేది 18 టన్నులు అవుతుంది, తీగలు మాత్రం అవే.

ఫైనల్ఇయర్_మెక్
అన్నా ఈ లెక్క మా సార్ కూడా చెప్పలేదు, మేము ప్లాస్టిక్ ఈల్డ్ స్ట్రెంగ్త్ తీసుకుని ఫోర్స్ లెక్కేస్తున్నాం 😮 మా ప్రాజెక్ట్ కూడా బాటిల్ క్రషరే, కాలితో తొక్కేది.

గోదారి_గట్టు
హరిగారూ చిన్న సందేహమండి. లీటరు వాటర్ బాటిల్ ఇప్పుడు ఎంత పల్చగా వస్తోంది, చేత్తో నలిపితేనే మూత ఎగిరిపోద్ది. అది రెండు కేజీల ప్రెషర్ దాకా ఆగుద్దా? మీ లెక్క కూల్‌డ్రింక్ బాటిల్‌కి సరిపోద్దేమో గానీ వాటర్ బాటిల్‌కి కాదనిపిస్తోందండి.

హైడ్రాలిక్_హరి
@గోదారి_గట్టు నిజమే, పల్చటివి కొన్ని పగులుతాయి, కొన్నింటి మూతలు లూజుగా ఉండి గాలి పోతుంది. కూల్‌డ్రింక్ బాటిల్ సంగతి వేరు, గ్యాస్ వల్ల లోపల మామూలుగానే మూడు నాలుగు కేజీలు ఉంటుంది, ఎండలో పెడితే ఇంకా ఎక్కువ, దానికి తగ్గట్టే తయారు చేస్తారు. 2.2 కేజీలు దానికి లెక్కలోకి రాదు. మొత్తంలో కూల్‌డ్రింక్‌వి ఎన్ని ఉంటాయి @పల్నాడు_పాతసామాను?

పల్నాడు_పాతసామాను
ఎండాకాలం సగానికి సగం. పెళ్ళిళ్ళ సీజన్‌లో అయితే చిన్న కూల్‌డ్రింక్‌లే గుట్టలు గుట్టలు. గోదారి అన్న చెప్పింది కూడా నిజమే, నొక్కుతుంటే టపటపా టపాకాయల్లా పేలుతుంటాయి కొన్ని, మొదటిరోజు మా పిల్లలు భయపడి బయటికి పరిగెత్తారు.

రెంటచింతల_ఎండ
మా ఊరికి పంపండి, మే నెలలో మధ్యాహ్నం రోడ్డు మీద పోస్తే మెషిన్ లేకుండానే కరిగి ముద్దవుతాయి 😄

హైడ్రాలిక్_హరి
@రెంటచింతల_ఎండ 😄 ఆ ఎండకి కూడా కాదు బ్రదర్, పెట్ (ఈ బాటిళ్ళ ప్లాస్టిక్) మెత్తబడాలంటే 70, 75 డిగ్రీలు, కరగాలంటే 250 దాటాలి. పైగా ఎండకి లోపలి గాలి వ్యాకోచించి బాటిల్ ఇంకా బిగుసుకుంటుంది. ప్రెస్ చేసేది పొద్దున పూటే మంచిది.

లేత్_మావయ్య
ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా లేత్ మీద ఉన్నా, బేలింగ్ మెషిన్లు సొంతంగా ఐదో ఆరో చేశా, పాడైనవి అంతకు నాలుగింతలు బాగుచేశా. హరి చెప్పిందంతా కరెక్టు. మందు ఏంటంటే ప్రెస్‌లోకి వెళ్ళేముందే బాటిల్‌కి బొక్క పడాలి. ఒక్క బొక్క చాలదు, నొక్కినప్పుడు అది మడతలో మూసుకుపోతుంది, నాలుగైదు ఉండాలి. దానికి మేకుల రోలర్లు రెండు ఎదురెదురుగా తిరిగేలా పెట్టాలి, పైన బాటిళ్ళు పోసే హాపర్, కింద నుంచి పడ్డ బాటిళ్ళు నేరుగా ప్రెస్ పెట్టెలోకి. పెద్ద ప్లాంట్లలో దీన్నే పర్ఫొరేటర్ అంటారు.

చేసేటప్పుడు అందరూ చేసే తప్పు చెప్తా. రోలర్ ఖర్చు తక్కువని 6 అంగుళాల పైపుతో చేస్తారు. లీటరు బాటిల్ 80, 85 మి.మీ. లావు, రెండు 150 రోలర్ల మధ్య 25 సందు ఉంచితే బాటిల్ ఆ రెండిటి మీద కూర్చుని డాన్స్ చేస్తుంది గానీ లోపలికి దిగదు. నేను మొదటి మెషిన్ అలాగే చేసి, కొన్నాయన ముందు తల దించుకున్నా. రోలర్ కనీసం 250, 300 ఉండాలి, మేకులు సందు దాటి ఎదురు రోలర్‌కి తగలనంత పొడవు, మొన మరీ సూదిలా వద్దు, రెండు వారాల్లో వంగిపోతాయి. ఈఎన్8 రకం ఉక్కు కడ్డీ కోసి మొన పట్టి గట్టిపరిచి బోల్టులాగా మరతో బిగించుకో, వెల్డింగ్ పెడితే విరిగినప్పుడు మార్చుకోలేవు. వేగం నిమిషానికి 40, 50 చుట్లు చాలు. 3 హెచ్‌పీ, గేర్ బాక్స్. ఒక రోలర్ మేకులు ఇంకో రోలర్ మేకుల మధ్య వరసలోకి రావాలి, ఎదురెదురుగా వస్తే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

ఫైనల్ఇయర్_మెక్
@లేత్_మావయ్య ప్రెస్ ప్లేటు కిందే మేకులు వెల్డ్ చేస్తే సరిపోదా అంకుల్, రోలర్ ఖర్చు తప్పుతుంది కదా?

లేత్_మావయ్య
అందరికీ వచ్చే ఆలోచనే నాన్నా అది. ప్లేటు పైకి లేచినప్పుడు బాటిళ్ళన్నీ మేకులకి గుచ్చుకుని పైకి వస్తాయి, ఎవరో ఒకరు చెయ్యి పెట్టి పీకుతారు. చెయ్యి పెట్టే మెషిన్ చెయ్యకూడదు. పైగా మేకులు పై వరసనే తాకుతాయి, కిందివాటికి ఏం కాదు.

ములుగు_యువత
మేము మేడారంలో 2024 జాతరప్పుడు మా ఊరి పిల్లలం ఇరవై మందిమి కలిసి బాటిళ్ళు ఏరినం. ఎన్ని ఏరినా ఒడవలే. ప్రెస్ లేదు ఏం లేదు, జాగ సరిపోతలేదని పొలంల పరిచి ట్రాక్టర్‌తోని తొక్కిచ్చినం. మంచిగ చపాతీలెక్క అయినయి గని మొత్తం మట్టి, ఇసుక అంటింది. కొనేటాయన వచ్చి చూసి సగం రేటుకు అడిగిండు, మట్టి కడిగే ఖర్చు నాకే గదా అన్నడు. అందుకే అందరికి చెప్తున్న, నేల మీద తొక్కియ్యకుండ్రి. కింద రేకు వేసినా నయమే.

పల్నాడు_పాతసామాను
@ములుగు_యువత మా దగ్గర కూడా ఒకాయన రోడ్డు రోలర్ తెస్తా అన్నాడు, మంచిది మీరు చెప్పారు.

చిత్తు_నుంచి_చొక్కా
నేను బాటిల్ బేళ్ళు కొని ఫ్లేక్ (చిన్న ముక్కలు) చేసే చోట క్వాలిటీ చూస్తా. ఇంతకీ బేల్ వద్దు, అక్కడే ముక్కలు కొట్టి పంపుదాం అని ఎవరూ అనలేదు, సంతోషం. అనేలోపు నేనే చెప్తా. కొట్టులో ష్రెడర్ పెట్టి ముక్కలు కొట్టి పంపితే మేం కొనం, కొన్నా తక్కువకి కొంటాం. బేల్ అయితే విప్పి చూస్తాం, ఏది పెట్, ఏది నూనె బాటిల్, ఏది పీవీసీ (వేరే రకం ప్లాస్టిక్) రేపర్ ఉన్నది అని కంటికి కనిపిస్తుంది. ముక్కలైతే ఏం కనిపిస్తుంది? మూత పీపీ, హెచ్‌డీపీఈ లాంటి తేలిక ప్లాస్టిక్‌ది అయితే నీళ్ళలో తేలుతుంది, పెట్ మునుగుతుంది, అది సులువుగా వేరవుతుంది. పీవీసీ మాత్రం పెట్‌తో పాటే మునుగుతుంది, కాస్త కలిసినా పెట్‌ని కరిగించే వేడికి అది మాడి మొత్తం సరుకు పసుపు తిరుగుతుంది. ఒకసారి ముక్కలు కలిశాక దాన్ని ఏరడం మా వల్ల కాదు.

అందుకని మూతల గురించి భయపడొద్దు, మూత ఉన్నా పర్లేదు, బొక్క పడితే చాలు. నీళ్ళు మిగిలిన బాటిళ్ళు మాత్రం రానీకండి, తూకంలో కోత పడుతుంది.

పాత_కాపు
ష్రెడర్ వద్దన్నారు గానీ, మా వైపు ఇద్దరు ముగ్గురు ముక్కలు కొట్టే పంపుతున్నారు, వాళ్ళకి కిరాయి బాగానే మిగులుతోంది. రేటు తగ్గినా బరువు ఎక్కువ పడుతుంది కదా. అందరికీ బేలే అనడం కరెక్ట్ కాదేమో.

చిత్తు_నుంచి_చొక్కా
@పాత_కాపు కాదనను. రంగులవారీగా ఏరి, లేబుల్ తీసి, ఒకే రకం తెల్ల బాటిళ్ళు ముక్కలు కొట్టి నమ్మకంగా ఇచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి రేటు కూడా బాగానే వస్తుంది. అది ఏళ్ళ తరబడి ఒకే కొనుగోలుదారుతో ఉన్న నమ్మకం మీద నడుస్తుంది. ఇంతకు ముందు ఈ సరుకంతా దారానికి, దిండ్లలో పెట్టే దూదికి పోయేది, ఇప్పుడు మళ్ళీ బాటిల్‌కే అడుగుతున్నారు, ఎందుకంటే కొత్త గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26కి 30 శాతం రీసైకిల్ చేసింది ఉండాలని కేంద్రం రూల్ పెట్టింది. బాటిల్‌కి వెళ్ళే సరుకంటే మా ల్యాబ్‌లో ప్రతి బేల్ చూస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాడికి బేలే దారి.

ష్టుట్‌గార్ట్_తెలుగోడు
ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో బాటిల్ మెషిన్‌లో పెడితే 25 సెంట్లు తిరిగి ఇస్తారు, 2003 నుంచి ఉంది. లోపల మెషిన్ బార్‌కోడ్ చదివి ఒక్కో బాటిల్‌నీ అక్కడికక్కడే పళ్ళ రోలర్లతో నలిపేస్తుంది, మావయ్య గారు చెప్పిన రోలర్ లాంటిదే. నలపడం చోటు కోసమే కాదు, అదే బాటిల్ తెచ్చి రెండోసారి డబ్బులు అడగకుండా కూడా. మూతతోనే తీసుకుంటారు, 2024 జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో బాటిల్ మూత ఊడిరాకుండా బాటిల్‌కే అతుక్కుని ఉండాలని రూల్. మన దగ్గర ప్రతి బస్టాండ్‌లో ఇలాంటివి ఎందుకు పెట్టరు?

ఉత్తరాంధ్ర_సరళ
@ష్టుట్‌గార్ట్_తెలుగోడు అక్కడ ప్రతి బాటిల్ ధరలోనే ఆ 25 సెంట్లు ముందే కట్టించుకుంటారు కదండీ, డబ్బులు వెనక్కి వస్తాయి కాబట్టి జనం తెస్తారు. ఇక్కడ మెషిన్ ఒక్కటే పెడితే రెండు నెలలు ఫొటోలు దిగుతారు, తర్వాత డబ్బా నిండినా తీసేవాళ్ళు ఉండరు, ఒక మాల్‌లో నేను చూశాను. డిపాజిట్ పెట్టినచోట మనవాళ్ళూ చేశారు, కేదార్‌నాథ్‌లో బాటిల్‌కి క్యూఆర్ కోడ్ అతికించి పది రూపాయలు తిరిగిచ్చే పద్ధతి నడిపింది 'రీసైకల్' అనే మన హైదరాబాద్ కంపెనీయే.

అసలు నేను రాద్దామనుకున్నది వేరు. మా పంచాయతీలో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రంలో పనిచేస్తున్నాను, ముందు వేరే ఊళ్ళో ప్రైవేటు షెడ్డులో చేసేదాన్ని. అక్కడ ఇలాంటి ప్రెస్సే, తలుపుకి మామూలు గొళ్ళెం లాంటి లాక్. బేల్ లోపల బిగుసుకుని ఉన్నప్పుడు సుత్తితో కొట్టి లాక్ తీసేవాళ్ళు. ఒకరోజు లాక్ ఒక్కసారిగా వదిలి తలుపు వచ్చి తగిలి మా అక్క ఒకామెకి మణికట్టు విరిగింది. నాలుగు నెలలు పనికి రాలేదు, డబ్బులూ ఇవ్వలేదు. బరువు, కిరాయి అని అందరూ లెక్కలు వేస్తున్నారు, ఆ తలుపు ముందు నిలబడేది ఎవరో కూడా చూడండి. గాలి నిండిన బాటిళ్ళు ఉన్న ప్రెస్ తలుపు అంటే లోపల స్ప్రింగ్ ఉన్నట్టే.

లేత్_మావయ్య
అమ్మా మంచి మాట చెప్పావు, నేనే ముందు రాయాల్సింది. తలుపుకి గొళ్ళెం పెట్టకూడదు. చక్రం తిప్పే స్క్రూ లాక్ పెట్టాలి, తిప్పేకొద్దీ తలుపు కొంచెం కొంచెంగా వదలాలి, లోపలి ఒత్తిడి నెమ్మదిగా దిగుతుంది. తలుపు తెరిచి ఉంటే మోటార్ తిరగకుండా లిమిట్ స్విచ్. లివర్ చెయ్యి తీస్తే మధ్యలోకి వచ్చి ఆగిపోయేది ఉండాలి, వదిలేసినా నొక్కుతూ ఉండేది కాదు. ఇవన్నీ కలిపి ఎనిమిది, పది వేలు కాదు.

@పల్నాడు_పాతసామాను నీ మెషిన్ తలుపు లాక్ ఏంటి?

పల్నాడు_పాతసామాను
గొళ్ళెమే అండి. సుత్తితోనే కొడుతున్నాం. సరళగారు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, ఇవాళ పొద్దున ప్రెస్ ఆపేశాను, లాక్ మార్చేదాకా నడపను.

ఉత్తరాంధ్ర_సరళ
🙏 థాంక్స్ అండి.

హైడ్రాలిక్_హరి
ఆపావు కాబట్టి ఇంకో రెండు పనులు చేయించు. ఒకటి, పెట్టె గోడలకి పైన రెండు వైపులా స్ప్రింగ్ కొక్కేలు పెట్టించు, ప్లేటు కిందికి దిగేటప్పుడు లోపలికి ముడుచుకుని, ప్లేటు లేచాక బయటికి వచ్చి నొక్కిన సరుకుని పట్టుకోవాలి. అప్పుడు ఒక్కో దఫా నొక్కింది మళ్ళీ పైకి లేవదు. రెండు, ప్లేటుకి గైడ్ ఉందా? ఒకవైపు ఎక్కువ సరుకు పడితే ప్లేటు వాలుతుంది, ఆ పక్క బలం అంతా రాడ్ మీద పడి గ్లాండ్ సీలు (రాడ్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపేది) పోతుంది, ఆయిల్ కారడం మొదలవుతుంది.

పల్నాడు_పాతసామాను
ఆయిల్ కారుతోంది 😔 సీలు ఒకసారి మార్చాం కూడా. గైడ్ లేదు, ప్లేటు రాడ్‌కే వేలాడుతోంది. ఒకవైపు గోడకి గీతలు పడ్డాయి, అవి ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

గోదారి_గట్టు
ఇంతకీ మేకుల రోలర్ అయ్యేదాకా ఏం చేస్తారండి? మా తాతగారి కొబ్బరి పీచు తీసే గునపం గుర్తొచ్చింది, ఆ పద్ధతిలో ఏదైనా?

లేత్_మావయ్య
@గోదారి_గట్టు బావుందయ్యా. నిలువుగా మొన పెట్టి దాని మీద బాటిల్ గుచ్చి లాగడం అన్నమాట. చుట్టూ గొట్టం కంచె కట్టి బాటిల్ మాత్రమే దూరేలా, చెయ్యి దూరకుండా పెడితే రోలర్ వచ్చేదాకా గడిచిపోతుంది. ముందు వంద కేజీలు అలా గుచ్చి నొక్కి తూకం చూడు, రోలర్ మీద డబ్బు పెట్టేముందు నీకే తెలుస్తుంది.

ఫైనల్ఇయర్_మెక్
అంకుల్ మా ప్రాజెక్ట్ మార్చేసుకుంటున్నాం, తొక్కే క్రషర్ బదులు పర్ఫొరేటర్ రోలర్ చేస్తాం. రోలర్ సైజు లెక్క వేశా, రెండు రోలర్ల సెంటర్లు, బాటిల్ సెంటర్ కలిపి త్రికోణం గీస్తే 150 రోలర్‌కి కోణం 42 డిగ్రీలు, 300 రోలర్‌కి 32. 42 అంటే నున్నటి రోలర్‌కి రాపిడి 0.9 కావాలి, అంత ఉండదు, అందుకే డాన్స్ చేస్తోంది. కరెక్టేనా?

లేత్_మావయ్య
నాకు త్రికోణం రాదు గానీ డాన్స్ చూశా. నీ లెక్క, నా మెషిన్ ఒకటే చెప్తున్నాయి. చెయ్యి బాబూ, మధ్యలో ఆగితే అడుగు.

పల్నాడు_పాతసామాను
పది రోజుల తర్వాత వస్తున్నా, క్షమించండి. లాక్ స్క్రూ చక్రం పెట్టించా, లిమిట్ స్విచ్ పెట్టించా, కొక్కేలు నాలుగు పెట్టాం, ప్లేటుకి రెండు వైపులా చానెల్ గైడ్. మావయ్య చెప్పినట్టు మొన స్టాండ్ చేసి కంచె కట్టి ఇద్దరు కూర్చుని గుచ్చారు, ప్రతి బాటిల్‌కి రెండు మూడు పోట్లు. అదే 12 టన్నుల సిలిండర్. మొదటి బేల్ 68 కేజీలు, రెండోది 73. తీగలు తెగలేదు. తలుపు తీసినప్పుడు బొటనవేలంత ఉబ్బింది, అంతే. మా నాన్న తూకం కాటా దగ్గర నిలబడి రెండుసార్లు తూచమన్నారు.

హైడ్రాలిక్_హరి
73 అంటే క్యూబిక్ మీటరుకి 190 పైన. సిలిండర్ మార్చకుండానే! ఐచర్‌లో ఎన్ని పడతాయి?

పల్నాడు_పాతసామాను
36 బేళ్ళు లెక్కేశాం, రెండున్నర టన్నులు. గుచ్చడానికి ఇద్దరికి పూట పట్టింది, చేతులు నొప్పులు అన్నారు, అందుకని రోలర్ తప్పదు. మావయ్య గారూ ఆ అరవై వేలు రోలర్‌కి సరిపోతాయా? ఆదివారం విజయవాడ వస్తున్నా, షెడ్డు ఎక్కడో ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి. మేకు ఒకటి శాంపిల్ కోసి ఉంచితే చూస్తా.

లేత్_మావయ్య
మిగులుతాయి కూడా. ఆదివారం సెలవే గానీ నీ కోసం తీస్తా. వచ్చేటప్పుడు ఒక గోనెసంచి నిండా అన్ని సైజుల బాటిళ్ళూ మూతలతో తీసుకురా, రెండు లీటర్లది మర్చిపోవద్దు, సందు దాన్ని బట్టే పెడతా.

ఫైనల్ఇయర్_మెక్
అంకుల్ నేను కూడా ఆదివారం రావచ్చా? గుంటూరులోనే ఉంటా.

లేత్_మావయ్య
రా. పాత బట్టలు వేసుకుని రా.